అవ్వ ముచ్చటకు వేరే గొంతు

మా బడికి మాట్లాడే ట్యాబులు వచ్చిన రోజు అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. ఈ సంగతి మొదటే ఒప్పుకోవాలి. ఎందుకంటే ఆ తర్వాత జరిగినదానికి చాలాకాలం నేను యంత్రాన్ని తిట్టుకుంటూ గడిపాను. యంత్రం పాపం దాని పని అది చేసింది.

రాయచూరు జిల్లాలో, కృష్ణ ఒడ్డున, పవర్ హౌస్ కాలనీకి కూతవేటు దూరంలో ఉండేది మా ప్రాథమిక పాఠశాల. కన్నడ విభాగం పెద్దది. తెలుగు విభాగం ఒకటో తరగతి నుంచి ఐదు దాకా రెండు గదుల్లో సర్దుకునేది. పవర్ హౌస్ కొత్తల్లో ఆంధ్ర నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ల పిల్లలతో ఆ గదుల్లో కూర్చోవడానికి చోటుండేది కాదట. నేను చేరేనాటికే వాళ్లలో చాలామంది ఇంగ్లీషు బడులకు మారిపోయారు. మిగిలింది కాంట్రాక్టు పనివాళ్ల పిల్లలు, చుట్టుపక్కల ఊళ్లలో తరతరాలుగా తెలుగే మాట్లాడుకునే కూలివాళ్ల పిల్లలు. కాలనీ క్వార్టర్స్ నుంచి వచ్చేవాళ్లు ఒకరిద్దరు. గాలి మా వైపు తిరిగిన రోజు కిటికీ గూట్లో పవర్ హౌస్ బొగ్గు బూడిద సన్నగా పేరుకునేది. పిల్లలు దాని మీదే వేలితో అక్షరాలు దిద్దుకునేవాళ్లు. నేను వద్దనేదాన్ని కాదు, సుద్దముక్కలు ఆదా అయ్యేవి.

నేనూ ఈ జిల్లాదాన్నే. మాది చంద్రబండ దగ్గర ఊరు. మా ఇంట్లో మాట్లాడేది పాత రాయచూరు తెలుగు. అందులో పావు వంతు ఉర్దూ, పావు వంతు కన్నడ కలిసి ఉంటాయి, ఏది ఏదో మాకే తెలియదు. టీచర్ ట్రైనింగ్‌కని ఆంధ్ర వైపు వెళ్లినప్పుడు, హాస్టల్ బాత్రూము దగ్గర ఒకమ్మాయిని "జర జరుగు" అన్నాను. ఆ తర్వాత నెలరోజుల పాటు నా పేరు 'జర' అయింది. ఆ నెలలో నేను మాట్లాడటం తగ్గించి వినడం మొదలుపెట్టాను. రెండో ఏడాదికి కొత్తగా చేరిన అమ్మాయిలు నన్ను గుంటూరు పిల్ల అనుకునేవాళ్లు. సెలవులకు ఇంటికొస్తే మా అమ్మ నా మాట విని, "ఏందే, రేడియోల వార్తలు చెప్పినట్ల మాట్లాడుతున్నవ్" అని నవ్వింది. ఆ నవ్వులో గర్వం ఉంది. దాన్నే నేను చదువనుకున్నాను.

ఎవరో దాతల సంస్థవాళ్లు మా బడికి ఒక తెర, ప్రొజెక్టరు, రెండు స్పీకర్లు, ఒక మైకు, పది ట్యాబులు ఇచ్చారు. బెంగళూరు నుంచి ఒక శిక్షకుడు వచ్చి రెండు రోజులు ఉండి మాకు వాడకం నేర్పాడు. ట్యాబులో తెలుగు పాఠాలున్నాయి. ఒక ఆడగొంతు వాక్యం చదువుతుంది. పిల్ల ఆ వాక్యాన్ని తిరిగి చదవాలి. యంత్రం వింటుంది. సరిగ్గా చదివితే ఐదు చుక్కలు వెలుగుతాయి. కొంచెం తప్పితే మూడో రెండో. ఒక్కటీ రాకపోతే ఆ గొంతే మెత్తగా, "మళ్లీ ప్రయత్నించు" అంటుంది. కోపం ఉండదు, విసుగుండదు. అలాంటి టీచరు ఎక్కడ దొరుకుతుంది అని శిక్షకుడు నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. నలభై మందికి ఐదు తరగతులూ ఒక్కదాన్నే చెప్పేదాన్ని, నాకు ఆ గొంతు దేవుడిచ్చిన తోడులా అనిపించింది.

పిల్లలు ఆ గొంతుకు 'డబ్బల అక్క' అని పేరు పెట్టారు, డబ్బాలో ఉండే అక్క అని. పొద్దున్నే వచ్చి, "అక్క లేసిందా టీచరమ్మా" అని అడిగేవాళ్లు. చార్జింగ్ అయిందా అని దాని అర్థం.

మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తండ్రి బొగ్గు దింపే కాంట్రాక్టు పనిలో ఉండేవాడు. తల్లి బూడిద ఇటుకలు పోసే పనికి వెళ్లేది. పిల్లను సాకింది తండ్రి తల్లి, ఆమె అవ్వ. ఆ పిల్ల నోరు మూసుకుని కూర్చోవడం నేను చూడలేదు. బడికి వచ్చే దారిలో కనిపించిన కుక్క గురించి కూడా ఆదీ అంతమూ ఉన్న కథ చెప్పేది. చదవడంలో తప్పులు చేసేది కాదు, కాకపోతే పుస్తకంలో ఏముందో అది కాకుండా దాన్ని తన నోటికి మార్చుకుని చదివేది. 'ఇంట్లో' అని ఉంటే "ఇంట్ల" అనేది. 'వెళ్లాడు' అని ఉంటే "పోయిండు" అనేది. అర్థం ఎక్కడా పోయేది కాదు.

డబ్బల అక్కకు అది చాలలేదు. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ఒకే వాక్యం దగ్గర ఎంతోసేపు కూర్చుంది. "తాత ఇంట్ల ఉన్నడు" అంటుంది. "మళ్లీ ప్రయత్నించు" అని జవాబు. గొంతు పెంచి అంటుంది. మళ్లీ అదే జవాబు. ట్యాబును చెవి దగ్గర పెట్టుకుంది, నోటి దగ్గర పెట్టుకుంది. చివరికి నా దగ్గరికి తెచ్చింది.

"టీచరమ్మా, అక్కకు చెవుడున్నదా?"

"చెవుడు కాదే. 'ఇంట్లో ఉన్నాడు' అనాలి."

"నేను గదే కదా అంటున్న."

నేను నవ్వి, సరిగ్గా పలికి చూపించాను. ఐదు చుక్కలు వెలిగాయి. ఆ పిల్ల చుక్కల వంక కాదు, నా నోటి వంక చూసింది.

ఆ ట్యాబులో గొంతు పట్టుకునే వసతి కూడా ఉంది. దాని గురించి శిక్షకుడు రెండు ముక్కల్లో చెప్పి వదిలేశాడు. ఒక వానాకాలం కరెంటు పోయి ప్రొజెక్టరు పనిచేయని రోజు, పిల్లలను ఊరుకోబెట్టడానికి నేను దాన్ని తెరిచాను. ఒక్కొక్కరినీ ఏదో ఒకటి చెప్పమన్నాను. తమ గొంతు తాము వినడం వాళ్లకు అదే మొదలు. ఒకరు పేరు చెప్పి సిగ్గుతో ముఖం దాచుకున్నారు. ఇంకొకరు మేకలా అరిచారు. అప్పుడే నాకో ఆలోచన వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఒక ముచ్చట అడిగి తెలుసుకుని రండి, ఇక్కడ చెప్పండి, బొమ్మలు గీసి దాన్ని సినిమాలా చేద్దాం అన్నాను. నిజం చెప్పాలంటే నా ఉద్యోగ జీవితంలో నా అంతట నాకు వచ్చిన మంచి ఆలోచన అదొక్కటే.

ఆ పిల్ల మర్నాడే ముచ్చట తెచ్చింది. బొగ్గు మోసే బెల్టు చప్పుడు వినబడకుండా మెట్ల కింద సందులో కూర్చుని చెప్పించుకున్నాను. ఆగకుండా, ఒక్కసారే చెప్పింది. ఎన్నోసార్లు విన్నాను కాబట్టి ఆ మాటలు నాకింకా గుర్తున్నాయి.

"మా అవ్వ వయసుల ఉన్నప్పుడు ఈడ ఏం లేకుండె. జొన్న చేన్లుండె. పెద్ద పొగగొట్టం కట్టనీకి మనుషులు కావాలంటే మా అవ్వ పోయింది. మా నాయిన అప్పుడు చంటోడు. సద్ది కట్టుకొని, మా నాయినను సంకన ఏసుకొని పోతుండె. రెండు కట్టెలకు చీర జోలె కట్టి అండ్ల పండబెట్టి, సిమెంటు మాలు తట్ట నెత్తిన పెట్టుకొని పైకెక్కుతుండె. పైనుంచి చూస్తే జోలె చిన్నగ పిట్టగూడు లెక్క కనిపిస్తుండెనంట. పిల్లగాడు ఏడుస్తుండో, పండుకున్నడో తెల్వకుండె. దిగెదాంక పానం కొట్టుకుంటుండెనంట. ఒగరోజు దిగొచ్చి చూస్తే జోలె ఖాళీ ఉన్నది. మా అవ్వ పరేషానై తట్ట పారేసి గొట్టం చుట్టూత ఉరికింది. చూస్తే సిమెంటు సంచుల పక్కన ఇంకొకామె కూసొని మా నాయినకు పాలిస్తున్నది. ఆమె ఒరిస్సా దిక్కుదంట. ఆమెకు తెలుగు రాదు. మా అవ్వకు ఆమె మాట రాదు. ఆమె పిల్ల సచ్చిపోయి నెల కూడ కాలేదని తర్వాత ఎవరో చెప్పిన్రంట. మా అవ్వ ఏమనలే. పిల్లగాడు తాగెదాంక పక్కన కూసున్నది. అప్పటిసంది రోజూ ఆమె దగ్గరనే ఇడిసి పైకి పోతుండె. గొట్టం అయిపోయినంక ఆమె యాడికి పోయిందో తెల్వదు. నీ నాయినకు ఇద్దరమ్మలు అని మా అవ్వ అంటది."

అయిపోయింది అని చెప్పకుండానే లేచి, గౌను దులుపుకుని ఆడుకోవడానికి వెళ్లిపోయింది. ఆ పొగగొట్టాన్ని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని. దాని ఎత్తెంతో పాఠంలో చెప్పేదాన్ని. దాని కింద ఒకామె కూర్చుని ఉండేదని నాకు తెలియదు.

పిల్లలు బొమ్మలు గీశారు. పొగగొట్టం అందరికీ సులువుగా వచ్చింది. జోలె గీయడానికి మాత్రం తగువులాడుకున్నారు. బొమ్మలను ట్యాబుతో ఫొటోలు తీసి, వరసగా పేర్చి, ఆ పిల్ల గొంతుతో కలిపాను. ఐదు నిమిషాలు కూడా లేదు. ఒక శనివారం తెర మీద వేశాను. స్పీకర్లలో ఆ గొంతు వినబడగానే గదంతా సద్దుమణిగింది. రెండో తరగతి పిల్ల ఒకతి పక్కదానితో, "మన లెక్కనే మాట్లాడుతున్నది చూడే" అంది. ఆ వారం రోజులు వాళ్లెవరూ డబ్బల అక్కను అడగలేదు. అవ్వ ముచ్చట ఏయమనేవాళ్లు. ఆ పిల్ల తన గొంతుకు తానే పెదవులు కదిపేది.

అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది.

రాయచూరులో టీచర్లు తయారుచేసిన డిజిటల్ పాఠాల ప్రదర్శన పెడుతున్నారని మాకు కాగితం వచ్చింది. హెడ్‌మాస్టరు కన్నడ ఆయన, మంచివాడు, పైవాళ్లంటే భయం. అవ్వ ముచ్చట చూసి, "నాకు తెలుగు రాదు మేడం. కానీ కళ్లల్లో నీళ్లొచ్చినాయి. ఇదే పంపిద్దాం" అన్నాడు కన్నడలో. పంపేముందు బడి కమిటీలో ఒకరు చూడాలన్నది పద్ధతి. కమిటీలో తెలుగు తెలిసింది ఒక్కావిడే. కాలనీలో ఒక పెద్ద ఇంజనీరు గారి భార్య. కోస్తా వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్న మనిషి. తెలుగు విభాగం మూసేస్తామన్నప్పుడల్లా మా తరఫున గట్టిగా మాట్లాడింది కూడా ఆవిడే. ఆవిడ చెడ్డమనిషి కాదు. అది రాయకపోతే నేను అబద్ధం చెప్పినట్టే.

ఆవిడ మొత్తం చూసింది. చూసి, చాలాసేపు మెచ్చుకుంది. తర్వాత అంది:

"కథ చాలా బాగుందండీ టీచర్ గారూ. కానీ ఆ భాష చూడండి. తెలుగు విభాగం తరఫున వెళ్తోంది కదా. మన తెలుగింతేనా అనుకోరూ? పిల్లలకి నేర్పాల్సిందే ఇలా ఉంటే ఎలాగండీ?"

నేను, "ఇక్కడి పిల్లలు ఇలాగే మాట్లాడతారండీ" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినబడింది.

"అందుకేగా బడి పెట్టింది. మీరెంత చక్కగా మాట్లాడతారు. మీరు కూడా ఈ జిల్లావారేనట, ఎవరూ నమ్మరు."

ఆ మాటకు నేను సంతోషించాను. ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను కుట్టేది అదే. ఆవిడ అన్న మాట కాదు, నేను సంతోషించడం.

కాసేపటికి ఇంకొకటి చెప్పింది. "ఆ పాలివ్వడం కూడా తీసేద్దామండీ. చిన్నపిల్లల పాఠం, నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటారు. ఆవిడ ఒళ్లో ఆడుకుంటున్నాడు అంటే సరిపోతుంది. అర్థం అదేగా."

గొంతు తన మేనకోడలిది పెట్టుకోమంది. ఆ అమ్మాయి మా బడిలోనే నాలుగో తరగతి, ఎప్పుడూ ఐదు చుక్కలు తెచ్చుకునే పిల్ల. నేను సరేనన్నాను.

కొత్త పాఠం నేనే రాశాను. అదే మధ్యాహ్నం, అన్నం డబ్బా పక్కన పెట్టుకుని, గంటలోపే. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. 'సద్ది కట్టుకొని పోతుండె' అన్నది 'చద్దిమూట కట్టుకుని వెళ్లేది' అయింది. 'అవ్వ' 'నాయనమ్మ' అయింది. 'పానం కొట్టుకుంటుండె' అన్నది 'ఎంతో ఆందోళన చెందేది' అయింది. ఒరిస్సా ఆమె బిడ్డ చనిపోయిన మాట ఇక అవసరం లేకపోయింది, ఎందుకంటే ఆమె ఊరికే పిల్లవాడిని ఆడిస్తోంది. ఎక్కడా తడుముకోలేదు. హాస్టల్లో నేర్చుకున్న పనే కదా. రాసి చదువుకుంటే అచ్చులో పాఠంలాగే ఉంది. నాకు తృప్తిగా కూడా అనిపించింది.

ఆ అమ్మాయి రెండుసార్లు చదివేసరికి గొంతు పట్టడం అయిపోయింది. చక్కగా చదివింది. దాని తప్పేమీ లేదు.

ముచ్చట తెచ్చిన పిల్లకు మాత్రం నేను చెప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు లెక్కల పరీక్ష. ఆ మర్నాడు ఆ పిల్లే ఎదురొచ్చి, "మా అవ్వ ముచ్చట రాయచూర్ల ఏస్తరంట, నిజమా టీచరమ్మా" అంది. నిజమే అన్నాను. అది అబద్ధం కాదు. "మా అవ్వ కూడ వస్తనంటుంది" అంది. దూరం, బస్సులో ఇబ్బంది, హాలులోకి రానిస్తారో లేదో అని ఏవేవో చెప్పాను. ఆ పిల్ల వినలేదు.

ప్రదర్శన రోజు హాలు ముందు ఇద్దరూ నాకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నారు. అవ్వను నేను దగ్గరగా చూడటం అదే మొదటిసారి. సన్నటి మనిషి, మెడ మాత్రం నిటారుగా, నెత్తిన ఇప్పటికీ తట్ట ఉన్నట్టు నడుస్తుంది. ఉతికిన నీలం చీర కట్టుకుంది. నన్ను చూసి చేతులు జోడించి, "మా పొట్టిదాన్ని ఇంత పెద్ద జాగకు తెచ్చినవ్ తల్లీ" అంది. అప్పటికైనా చెప్పి ఉండవచ్చు. లోపల కూర్చోండి అని మాత్రం అన్నాను. వాళ్లు మూడో వరసలో కూర్చున్నారు. నేను వాళ్ల వెనక వరసలో.

మా వంతు వచ్చింది. తెర మీద పిల్లలు గీసిన పొగగొట్టం వచ్చింది. ఆ పిల్ల కుర్చీ అంచుకు జరిగి, పెదవులు విప్పింది. స్పీకర్లలో ఇంకో గొంతు, "మా నాయనమ్మ యువతిగా ఉన్నప్పుడు ఇక్కడ జొన్న చేలు ఉండేవి" అంది. ఆ పిల్ల పెదవులు అలాగే ఉండిపోయాయి. వెనక్కి తిరిగి నన్ను చూస్తుందనుకున్నాను. తిరగలేదు.

అవ్వ కొంతసేపు విని, మనవరాలి వైపు వంగింది.

"ఎవరే మాట్లాడేది?"

ఆ పిల్ల తెర వైపే చూసింది. తర్వాత మెల్లగా అంది, "నేనే అవ్వా. మిషన్లకెళ్లి వస్తే గొంతు గట్లయితది."

అవ్వ తల ఊపింది. మళ్లీ వింది. జోలె ఖాళీగా ఉన్న బొమ్మ వచ్చింది. సిమెంటు సంచుల పక్కన కూర్చున్న ఆమె బొమ్మ వచ్చింది. "పిల్లవాడు ఆమె ఒడిలో ఆడుకుంటున్నాడు" అంది గొంతు. బొమ్మ మారిపోయింది.

"పాల ముచ్చట ఏదే? చెప్పలేదా నువ్వు?"

"చెప్పిన అవ్వా. మిషన్ల పట్టలేదంట."

"అయ్యో" అంది అవ్వ. "అదే కదనే ముచ్చట."

ఎనిమిదేళ్ల పిల్ల. తన గొంతు పోయిందని తెలిసిన నిమిషంలోనే అవ్వకు అది తెలియకుండా అడ్డం నిలబడింది. నన్ను కూడా కాపాడింది. ఆ పని నేను చేయవలసింది.

మాకు రెండో బహుమతి వచ్చింది. నన్నూ, చదివిన అమ్మాయినీ వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆ అమ్మాయి ఎవరో, ఎందుకు పిలిచారో తెలియకుండానే చప్పట్లు కొట్టినవాళ్లలో అవ్వ కూడా ఉంది. బయటికొచ్చాక నేను ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, "నీ గొంతు సరిగ్గా వినబడలేదని..." అని మొదలుపెట్టాను.

"తెలుసు టీచరమ్మా" అంది. "బస్సు పోతది, మేం పోతం."

ఆ తర్వాత ఆ పిల్ల అల్లరి చేయలేదు, అలగలేదు. వేరే పని మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నం తినగానే ట్యాబు తీసుకుని గోడవారగా కూర్చునేది. డబ్బల అక్క ఒక వాక్యం చదివితే కళ్లు మూసుకుని వినేది. అదే రాగంతో, అదే ఆపుతో, అదే మెత్తదనంతో తిరిగి చదివేది. రెండు చుక్కలు, మూడు, నాలుగు. దసరా సెలవులకు ముందే ఐదు వెలిగాయి. తర్వాత ఎప్పుడూ ఐదే. కుక్కల కథలు ఆగిపోయాయి. నన్ను ఏదైనా అడగాల్సి వస్తే, "టీచర్ గారూ, నేను నీళ్లు తాగడానికి వెళ్లవచ్చా?" అని డబ్బల అక్క గొంతుతో అడిగేది. వెటకారం అనుకోవడానికి లేదు. అంత శ్రద్ధగా పలికేది.

శిక్షకుడు మళ్లీ వచ్చినప్పుడు ఆ పిల్ల చుక్కల లెక్క చూసి ముచ్చటపడ్డాడు. ఒక చుక్క నుంచి ఐదు చుక్కలకు వచ్చిన పిల్ల అని తన నివేదికలో రాసుకుంటానన్నాడు. నాతో ఒక ఫొటో తీసుకున్నాడు. నేను ఫొటోలో నవ్వుతూనే ఉన్నాను.

వెళ్లేముందు ట్యాబులన్నీ శుభ్రం చేసి కొత్త పాఠాలు ఎక్కించాడు. నేను మర్నాడు మెట్ల కింద పట్టిన అసలు గొంతు కోసం వెతికితే ఏ ట్యాబులోనూ లేదు. ఫోన్ చేస్తే, "జాగా లేదు మేడం, పాతవన్నీ తీసేశాను. బహుమతి వచ్చిన వీడియో మా దగ్గర భద్రంగా ఉంది" అన్నాడు.

చివరికి ఒక ఆదివారం ఒక ట్యాబు సంచిలో పెట్టుకుని వాళ్ల ఊరు వెళ్లాను. అవ్వనే అడిగి, ఆమె గొంతుతోనే ఆ ముచ్చట మళ్లీ పట్టుకుందామని. చేసిన తప్పు అలా దిద్దుకోవచ్చని అనుకున్నాను కాబోలు.

రేకుల ఇల్లు. అవ్వ చాప వేసి, చాయ్ పెట్టించింది. కోడలు పనికి వెళ్లలేదు, పిల్లా ఇంట్లోనే ఉంది. నేను సంగతి చెప్పాను. అవ్వ కొంగు సర్దుకుని, ట్యాబు ముందు నిటారుగా కూర్చుంది.

"చెప్పాల్నా?"

"చెప్పు అవ్వా. నీకు ఎట్లొస్తే అట్లనే చెప్పు" అన్నాను. ఆ మాట నా నోటికి అరువు తెచ్చుకున్నదానిలా వచ్చింది.

ఆమె గొంతు సవరించుకుంది. "నేను వయసుల..." అని ఆగి, మనవరాలి వైపు చూసింది. ఆ పిల్ల నెమ్మదిగా అందించింది, "వయసులో."

"నేను వయసులో ఉన్నప్పుడు ఈడ..."

"ఇక్కడ."

"ఇక్కడ జొన్న చేలు ఉండెను." ఒక్కో మాటా తడి నేల మీద అడుగు వేసినట్టు వేస్తోంది. నేను వద్దని చెయ్యి ఊపాను. "అట్ల కాదు అవ్వా, మీ మాటల చెప్పు."

"మా మాట ఏం మాట తల్లీ" అంది. "రోజూ నేర్పుతున్నది మా పొట్టిది నాకు. మంచిగ మాట్లాడకుంటే మిషన్ పట్టదంట కదా. జర ఆగు, వస్తది నాకు."

ఆమె మళ్లీ మొదలుపెట్టింది. జోలె కట్టింది, పైకెక్కింది, దిగొచ్చింది. జోలె ఖాళీ అయింది. పొగగొట్టం చుట్టూ ఉరికింది. సిమెంటు సంచుల దగ్గరికి వచ్చేసరికి అవ్వ ముఖం ఒక్క క్షణం మారింది. ఆమె కళ్లు ఎక్కడికో పోయాయి. అవ్వ మనవరాలిని చూసింది, ట్యాబును చూసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, అప్పజెప్పినట్టు అంది:

"పిల్లవాడు ఆమె ఒడిలో ఆడుకుంటున్నాడు."

"సరిగ్గ చెప్పినవ్ అవ్వా" అంది పిల్ల.

నేను బొత్తాం నొక్కి ఆపేశాను. చాయ్ చల్లారిపోయింది. తాగి, లేచి, వస్తానని చెప్పాను. నేనొచ్చి అన్నీ చెడగొట్టానన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, ఒక్క పిల్లకు తప్ప. ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చి, "వెళ్లి రండి టీచర్ గారూ" అని చేతులు జోడించింది.

రెండేళ్లకు తెలుగు విభాగం మూసేశారు. ఇంజనీరు గారి భార్య ఈసారీ మా తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగింది. పిల్లలు చాలలేదన్నారు. నన్ను కన్నడ విభాగంలో లెక్కలు చెప్పమన్నారు. ట్యాబులు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఒకసారి తెరిచి చూస్తే నాలుగింటి బ్యాటరీలు ఉబ్బి అద్దాలు పైకి లేచి ఉన్నాయి. ఆ పిల్ల కన్నడ బడికి మారిందని విన్నాను. ఒక ఎండాకాలం అవ్వ పోయిందని కూడా విన్నాను. వెళ్లలేదు. ఏ ముఖంతో వెళ్లాలో తెలియలేదు.

పోయిన సంవత్సరం రాయచూరు బస్టాండులో ఒకమ్మాయి నా ఎదుటికొచ్చి నిలబడింది. భుజాన కాలేజీ సంచి. మెడ నిటారుగా ఉంది, దాన్ని బట్టే గుర్తుపట్టాను.

"ఆరామ్ అదీరేన్రీ టీచర్?" అంది కన్నడలో, బాగున్నారా అని.

నేను తెలుగులో, "బాగున్నానమ్మా, నువ్వెట్లున్నవ్, ఏం చదువుతున్నవ్?" అన్నాను. ఎన్నేళ్లకో మా అమ్మ మాట నా నోటికొచ్చింది, కావాలనే తెచ్చుకున్నాను.

ఆమె కన్నడలోనే జవాబిచ్చింది. పీయూసీలో, అంటే ఇంటర్‌లో, సైన్సు తీసుకున్నానంది. నాన్న ఇంకా అదే పనిలో ఉన్నాడంది. చక్కగా, మర్యాదగా, తడబాటు లేకుండా. నేను ఇంకో ప్రశ్న తెలుగులో అడిగాను. దానికీ కన్నడే. తెలుగు మరిచిపోయిందేమోనని అనుకోబోయాను. అంతలో ఆమె ఫోన్ మోగింది. తెర మీద చూసి కట్ చేసి, సంచిలో వేసుకుంది. దేవదుర్గ బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటున్నారు. ఒక ముసలామె మూటతో మెట్టు ఎక్కలేక అవస్థపడుతోంది. ఈ అమ్మాయి వెళ్లి మూట అందుకుని, చెయ్యి పట్టి పైకెక్కించింది.

"పైలంగ ఎక్కు అవ్వా, నేనున్న కదా" అంది ఆమెతో.

తర్వాత నా వైపు తిరిగి, కన్నడలో సెలవు తీసుకుంది. నేనూ కన్నడలోనే వెళ్లిరమ్మన్నాను.